కష్టకాలం తనంతట తాను పాఠం చెప్పదు



"కష్టాలు మనుషులకు కాక మానులకు వస్తాయా" అని మన పెద్దలు అంటారు. దుఃఖంలో ఉన్నవారికి ఈ సామెత కొంత ఊరట. కష్టం నీ ఒక్కడికే రాలేదు, అందరికీ వస్తుంది అని అది చెబుతుంది. అయితే వచ్చిన కష్టాన్ని మనిషి ఏమి చేసుకోవాలో మాత్రం చెప్పదు.

"కష్టాలే మనిషికి గురువులు" అన్న మాట కూడా మనం తరచు వింటాం. ఈ మాటను కొంచెం పరీక్షించి చూద్దాం. ఒకే వీధిలో రెండు కుటుంబాలు ఉన్నాయనుకోండి. రెండు ఇళ్ళలోనూ ఒకే నెలలో ఇంటి పెద్ద చనిపోయాడు. మొదటి ఇంట్లో అన్నదమ్ములు మునుపెన్నడూ లేనంత ఐకమత్యంతో తల్లిని చూసుకుంటున్నారు. రెండవ ఇంట్లో ఆసుపత్రి ఖర్చు ఎవరు ఎంత పెట్టారన్న లెక్క దగ్గర మాట మాట పెరిగి, అన్నదమ్ములు ఒకరి గడప ఒకరు తొక్కడం మానేశారు. కష్టమే గురువైతే రెండు ఇళ్ళకూ ఒకే పాఠం రావాలి కదా! ఎందుకు రాలేదు?

కష్టం నాగలి వంటిది. అది నేలను తిరగవేస్తుంది, అంతవరకే దాని పని. దున్నిన నేలలో విత్తనం వేయవలసింది మనమే. వేయకపోతే అదే నేలలో కలుపు మరింత ఏపుగా పెరుగుతుంది. కాబట్టి కష్టకాలం తనంతట తాను పాఠం చెప్పదు. ఆ కాలంలో మనం చేసిన పనులలో, ఒకరికొకరం అయిన తీరులో పాఠం ఉంటుంది. దానిని ఏరుకుని దాచుకుంటేనే అది మనదవుతుంది.

ఈ వారం నేను మాట్లాడదలచినది మనమందరం కలిసి దాటిన ఒక గడ్డుకాలం గురించి. 2020 మార్చి 22, తపస్సుకాలపు నాలుగవ ఆదివారం, జనతా కర్ఫ్యూ. 25వ తేదీ నుండి దేశమంతా లాక్‌డౌన్. ఆ తరువాత 2021 ఏప్రిల్, మే నెలల్లో రెండవ విడత కరోనా మన పల్లెలలోనికి కూడా వచ్చింది. క్యాలెండరు లెక్కలో ఇది ఏడాదికి మించిన కాలమే గాని, నా మనసులో మాత్రం అదంతా ఒకే సంవత్సరం. మన దేశంలో ఈ వ్యాధివల్ల చనిపోయినవారు అధికార లెక్క ప్రకారమే 5 లక్షల 30 వేలకు పైన. అసలు సంఖ్య దీనికి ఎన్నో రెట్లు ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. ఆ అంచనాను మన ప్రభుత్వం ఒప్పుకోలేదు. లెక్క ఏదైనా, మన ఇంటినుండి వెళ్ళిన ఒక్క మనిషి మనకు లెక్కలో ఒక అంకె కాడు.

ముందే ఒక మాట చెప్పాలి. ఈ పాఠాలు నేర్పడానికే దేవుడు ఆ రోగాన్ని పంపాడని ఎవరూ అనవద్దు. బిడ్డకు బుద్ధి చెప్పడానికి పక్కింటివాని తండ్రిని చంపే తండ్రి ఎక్కడా ఉండడు. దేవుడు కీడును పంపలేదు. ఆ కీడు నడుమ మనలను విడిచిపెట్టలేదు. ఈ రెండు మాటలకూ ఉన్న తేడాను మన పిల్లలకు తప్పక చెప్పాలి.

1. "ఎందుకు?" అన్న ప్రశ్న పక్కన మరొక ప్రశ్న

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజులలో "మంచి దేవుడున్న లోకంలో చెడు ఎందుకు?" అన్న ప్రశ్న మీద మాకు ఎన్నో పాఠాలు జరిగాయి. బోయేతియుస్ అనే రోమను పెద్దమనిషి గురించి కూడా అక్కడే చదివాను. ఆరవ శతాబ్దంలో ఇటలీలో రాజుగారి కొలువులో ఉన్నత పదవిలో ఉండి, రాజద్రోహం నేరం మోపబడి, చెరసాలలో మరణశిక్షకు ఎదురుచూస్తూ ఆయన ఒక గ్రంథం రాశాడు. తత్వశాస్త్రం ఒక స్త్రీ రూపంలో చెరసాలకు వచ్చి తనను ఓదార్చినట్టు అందులో ఊహించాడు. గొప్ప గ్రంథం. పరీక్షలో దాని గురించి నేను చాలా పేజీలు రాశాను.

2021 మే నెలలో మా అన్నయ్య వేరే జిల్లాలోని ఒక ఆసుపత్రిలో చనిపోయాడు. మృతదేహాన్ని ఇంటికి ఇవ్వలేదు. మేమెవరమూ చేరుకోకముందే ఆ పట్టణంలోనే సమాధి చేశారు. అప్పటికి మన రాష్ట్రంలో మధ్యాహ్నం 12 గంటల నుండి మరునాడు ఉదయం 6 వరకు కర్ఫ్యూ. ఆ రాత్రి వదిన ఫోనులో "ఎందుకు నాయనా ఇలా?" అని అడిగింది. నేను చదివిన గ్రంథాలన్నీ నాకు గుర్తే ఉన్నాయి. అయినా వాటిలోని ఏ మాటా ఆ ఫోనులో చెప్పదగిన మాటగా తోచలేదు. "ఉన్నాను వదినా" అని మాత్రం అన్నాను. చాలాసేపు ఇద్దరమూ మౌనంగా ఉన్నాం.

మరునాటి నుండి రోజూ రాత్రి 8 గంటలకు ఫోను చేశాను. "అన్నం తిన్నారా? ఇవాళ ఎవరు వచ్చారు? పిల్లవాడు నిద్రపోయాడా?" ఇంతే మాటలు. నాలుగవ రోజో అయిదవ రోజో వదిన, "మీ అన్నయ్య నీతో చివరగా ఏమన్నాడు?" అని అడిగింది. ఆసుపత్రి మంచం మీద నుండి అన్నయ్య నాతో అన్న చివరి మాట, "బర్రెకు నీళ్ళు పెట్టారో లేదో ఇంటికి ఫోను చేసి కనుక్కో." ఆ మాట చెప్పగానే వదిన మొదటిసారి ఏడుస్తూనే నవ్వింది. "అవును, ఆయనే" అంది.

యోబు కథలో ముగ్గురు స్నేహితులు అతనిని చూడడానికి వచ్చి, ఏడు రోజులపాటు నేలమీద అతని పక్కన మాటలేకుండా కూర్చున్నారని మనకు తెలుసు. ఆ ఏడు రోజులూ వారు నిజమైన స్నేహితులు. ఆ తరువాత కష్టానికి కారణాలు వివరించడం మొదలుపెట్టారు. అక్కడినుండి యోబుకు వారు మరొక కష్టమయ్యారు. "ఎందుకు?" అన్న ప్రశ్న తప్పు కాదు. యోబు అడిగాడు, సిలువమీద ప్రభువు కూడా తన తండ్రిని ఆ ప్రశ్నే అడిగాడు. అయితే దానికి జవాబు దొరికేవరకు ఆగకుండా, "ఇప్పుడు ఈ మనిషికి ఏమి కావాలి?" అన్న ప్రశ్నను దాని పక్కన పెట్టుకోవాలి. మొదటి ప్రశ్నకు జవాబు దేవుని దగ్గర ఉంది. రెండవ ప్రశ్నకు జవాబు చాలాసార్లు మన చేతిలోనే ఉంటుంది.

2. మంచి రోజుల అలవాటే చెడ్డ రోజుల ఆధారం

2020లో మ్రానికొమ్మల ఆదివారం ఏప్రిల్ 5న, పాస్కా పండుగ 12న వచ్చాయి. రెండు రోజులూ గుడి ఖాళీ. తలుపులు వేసుకుని నేనూ, ఉపదేశిగారూ పూజ జరుపుకున్నాం. ప్రార్థనా స్థలాలు తెరవడానికి జూన్ 8 నుండి అనుమతి వచ్చింది. అంతవరకు మా విచారణలో ఆగకుండా జరిగింది ఒక్కటే, త్రికాల జపం గంట. ఉపదేశిగారు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం తప్పకుండా గంట కొట్టేవారు. ఆ తరువాత ఒక ముసలమ్మగారు నాతో, "ఏ రోజు ఏ వారమో తెలియకుండా పోయింది ఫాదరుగారూ. గంట వినబడితే మాత్రం లేచి ముఖం కడుక్కునేదాన్ని" అన్నారు.

మంచితనం ఒక్క రోజులో రాదనీ, మళ్ళీ మళ్ళీ చేసిన పనివల్ల అలవాటుగా స్థిరపడుతుందనీ అరిస్టాటిల్ బోధించాడు. పునీత తోమా అక్వీనాసు ఆ బోధను తీసుకుని క్రైస్తవ జీవితానికి అన్వయించాడు. చదువుకునే రోజులలో ఇది నాకు పాఠ్యాంశం. ఆ సంవత్సరంలో దానిని కళ్ళారా చూశాను. సాయంత్రం 7 గంటలకు కూర్చుని జపమాల చెప్పుకునే అలవాటున్న ఇళ్ళలో, గుడి మూతబడినా ప్రార్థన మూతబడలేదు. అలవాటు లేని ఇళ్ళవారు కొందరు కొత్తగా మొదలుపెట్టారు. పుస్తకం పట్టుకుని ఇంటివారి ముందు ప్రార్థన చదవడానికి మొదట సిగ్గుపడిన తండ్రులు, పది రోజులు గడిచేసరికి పిల్లలకు తప్పులు దిద్దే స్థితికి వచ్చారు. రెండవ వాటికన్ మహాసభ కుటుంబాన్ని ఇంటిలోని శ్రీసభ అని పిలిచింది. ఆ మాటను మనం వివాహ ప్రసంగాలలో ఎన్నోసార్లు విన్నాం. ఆ మూడు నెలలు అది నిజంగా నిలబడవలసి వచ్చింది.

దుఃఖం ఎక్కువగా ఉన్న రోజున ప్రార్థించాలని మనసుకు అనిపించదు. తినాలని అనిపించదు, లేవాలని అనిపించదు. మనసు ఒప్పుకునేదాకా ఆగితే ఆ రోజు అలాగే గడిచిపోతుంది. అలవాటు మాత్రం మనసును అడగకుండానే మనిషిని లేపుతుంది. వానకాలంలో నిండిన చెరువే ఎండాకాలంలో పొలాన్ని కాపాడుతుంది. కష్టం వచ్చిన తరువాత చెరువు తవ్వుదామంటే కుదరదు.

3. ఒక తలుపు మూసుకున్నప్పుడు కిటికీ వైపు చూడాలి

అంటువ్యాధి గుళ్ళను మూయించడం శ్రీసభ చరిత్రలో కొత్త కాదు. 1576లో ఇటలీలోని మిలాను నగరంలో ప్లేగు వచ్చింది. అధికారులు, ధనవంతులు చాలామంది ఊరు విడిచి పారిపోయారు. అగ్రపీఠాధిపతిగా ఉన్న పునీత చార్లెస్ బొర్రోమియో వెళ్ళలేదు. జనం ఇళ్ళలోనుండి బయటికి రాకూడదన్న ఆంక్ష వచ్చినప్పుడు, నాలుగు వీధుల కూడళ్ళలో బలిపీఠాలు పెట్టించి, ఇళ్ళ కిటికీలలోనుండే ప్రజలు పూజలో పాల్గొనేలా చేశారు. తన భవనంలోని పరదాలను, బట్టలను పేదలకు దుస్తులు కుట్టించడానికి ఇచ్చేశారు. ఆయన ఆంక్షను ధిక్కరించలేదు, చేతులు కట్టుకుని కూర్చోనూ లేదు. చేయగలిగినది ఏమిటో వెదికి, అది చేశారు.

మన దగ్గర కూడా అలా వెదికినవారు ఉన్నారు. 2020 ఏప్రిల్, మే నెలల ఎండలో చెన్నై వైపునుండి 16వ నంబరు జాతీయ రహదారి వెంట ఒడిశాకు, బీహారుకు కాలినడకన పోతున్న వలస కూలీలను మన కోస్తా జిల్లాలవారందరూ చూశారు. మా విచారణలోని స్త్రీల సంఘం వారు గుడిలో సమావేశం కాలేకపోయారు. కాని ఎవరి ఇంట్లో వారు పులిహోర వండి, పొట్లాలు కట్టి, మజ్జిగ కుండలతో రోడ్డుమీద చెట్టుకింద పెట్టించారు. భాష రాని ఆ మనుషులు చేతులెత్తి దండం పెట్టి వెళ్ళేవారు.

2021 మే నెలలో మరొకటి చూశాను. శవాన్ని మోయడానికి బంధువులే భయపడిన రోజులవి. వారిని తప్పుపట్టలేము, ఆ భయం నిజమైనదే. ఊరు "పనిలేని కుర్రాళ్ళు" అని పేరుపెట్టిన నలుగురు యువకులు రక్షణ దుస్తులు వేసుకుని ముందుకు వచ్చారు. మతం, కులం అడగకుండా శవాలను మోశారు. సమాధులు తవ్వారు, చితులు పేర్చారు. ప్రతిసారీ అయిపోయాక దూరంగా నిలబడి, "ప్రార్థన చేయండి ఫాదరుగారూ" అనేవారు. మనిషి విలువ ఏమిటో మామూలు రోజులలో ఊరు వేసే లెక్కకు అందదని వారిని చూసినవారందరికీ అర్థమైంది.

4. పుచ్చుకోవడం కూడా నేర్చుకోవాలి

2020 ఆగస్టులో నాకే వ్యాధి సోకింది. గుడి పక్క బంగళాలో ఒక గదిలో పదునాలుగు రోజులు ఒంటరిగా ఉన్నాను. ఉపదేశిగారు తలుపు బయట స్టూలు మీద అన్నం పెట్టి, గొంతు సవరించుకుని, దూరంగా జరిగేవారు. ఎదురింటి హిందూ కుటుంబంలోని పెద్దమ్మగారు రోజూ సాయంత్రం మిరియాల చారు పంపేవారు. ఒక ముస్లిం దుకాణదారు తన ఇంట్లోని ఆక్సీమీటరు పంపి, రీడింగు ఎంతుందో రోజుకు రెండుసార్లు ఫోనుచేసి కనుక్కునేవారు.

గురువుల జీవితం ఇచ్చే జీవితం. దీవెన ఇస్తాం, సలహా ఇస్తాం, సత్ప్రసాదం ఇస్తాం. తల్లిదండ్రులదీ ఇటువంటి జీవితమే. ఇవ్వడం అలవాటైన చేతులు చాచడానికి మనసు ఒప్పుకోదు. కడరాత్రి భోజనం వేళ ప్రభువు పాదాలు కడగబోతే పేతురు మొదట వద్దన్నాడు. అది వినయంలా కనిపిస్తుంది గాని, పుచ్చుకోవడానికి ఒప్పుకోని మనసు దాని వెనుక ఉంది. 2020లో పవిత్ర గురువారంనాడు పాదాలు కడిగే ఆచారాన్ని వదిలివేయాలని రోమునుండి ఆదేశం వచ్చింది. ఆ ఆచారం జరగని సంవత్సరంలోనే, తలుపు బయట పెట్టిన అన్నం పళ్ళెంలో, నేను దాని అర్థాన్ని చూశాను. మన ఇళ్ళలో వృద్ధులు "మీకు భారమైపోయాను" అని బాధపడుతుంటారు. వారికి ఈ మాట చెప్పండి: సేవ చేయించుకోవడం కూడా ఇంటివారికి మీరు ఇచ్చే కానుకే. అది లేకపోతే ప్రేమించడం పిల్లలు ఎక్కడ నేర్చుకుంటారు?

5. దుఃఖానికి ఒక చోటు, ఒక వేళ కావాలి

ఆ కాలం మిగిల్చిన గాయాలలో లోతైనది ఇది. చనిపోయినవారి ముఖం చూడలేదు. పిడికెడు మట్టి వేయలేదు. పదిమంది వచ్చి పక్కన కూర్చోలేదు. అవస్థ అభ్యంగనం పొందకుండానే కొందరు వెళ్ళిపోయారు. అలా ఆగిపోయిన ఏడుపు ఎక్కడికీ పోదు. కొందరిలో అది కోపమై ఇంటివారిమీద పడుతుంది. కొందరిలో మౌనమై గుడికి దూరం చేస్తుంది.

మనవారు సమాధుల పండుగ అని పిలిచే నవంబరు 2, 2021లో మాకు ఎంతో అవసరమైన రోజైంది. ఆ రెండేళ్ళలో మా విచారణలో చనిపోయినవారి పేర్లన్నీ, ఎక్కడ సమాధి అయినా సరే, ఒక్కొక్కటే చదివాం. పేరు విన్న కుటుంబం ముందుకు వచ్చి ఒక కొవ్వొత్తి వెలిగించింది. సమాధి ఎక్కడుందో సరిగా తెలియని కుటుంబాలవారు గుడితోటలోని పెద్ద సిలువ దగ్గర వెలిగించారు. మా అన్నయ్య పేరు కూడా చదివారు. వదిన అంతదూరం నుండి వచ్చి కొవ్వొత్తి పెట్టింది. వెళ్ళేటప్పుడు, "ఇప్పుడు సాగనంపినట్టుంది" అంది.

విశ్వాసం ఉన్నవాడు ఏడవకూడదని కొందరు అనుకుంటారు. లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ప్రభువు అతని సమాధి దగ్గర కన్నీరు కార్చాడు. కన్నీరు నమ్మకానికి శత్రువు కాదు. ఆరు నెలలు గడిచినా, ఆరేళ్ళు గడిచినా, ఆగిపోయిన దుఃఖానికి ఒక వేళ, ఒక చోటు ఇవ్వవచ్చు. ఆలస్యమైందని మానవద్దు.

మరచిపోకముందే

అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. ఇప్పుడు మాస్కులు బీరువాలో ఏ మూలనో ఉన్నాయి. అప్పుడు రోజూ ఫోను చేసుకున్న అన్నదమ్ములు పండుగకు కూడా పలకరించుకోవడం లేదు. ఇళ్ళలో 7 గంటలకు మళ్ళీ టీవీ వచ్చింది. చెడ్డరోజులను మరచిపోవడం శరీరానికి మంచిదే. ఆ రోజులలో మనకు పట్టుబడిన మంచిని కూడా వాటితోపాటు మరచిపోతే, కష్టం మాత్రం పడి పాఠం పోగొట్టుకున్నవారమవుతాం.

అందుచేత ప్రతి కుటుంబానికీ ఒక చిన్న పని చెబుతున్నాను. ఒక నోటుపుస్తకం తీసుకోండి. మీ ఇంటికి వచ్చిన గడ్డుకాలం ఏదైనా సరే, కరోనా కావచ్చు, పంట పోవడం కావచ్చు, ఉద్యోగం పోవడం కావచ్చు. ఆ కాలంలో మీకు అన్నం పెట్టినవారి పేర్లు, మీ పక్కన నిలబడినవారి పేర్లు రాయండి. పోయినవారి పేరు, వారి చివరి మాటలు రాయండి. పిల్లలచేత చదివించండి. మళ్ళీ కష్టం వచ్చిన రోజున అది మీ ఇంటివారికి దారి చూపుతుంది.

కుటుంబ ప్రార్థన తరువాత మాట్లాడుకోవడానికి:

1. మన ఇంటి గడ్డుకాలంలో అడగకుండానే సహాయం చేసినది ఎవరు? వారికి మనం కృతజ్ఞత చెప్పామా?

2. ఆ రోజులలో మొదలుపెట్టి ఇప్పుడు మానేసిన మంచి అలవాటు ఏది? ఈ వారం నుండి దానిని మళ్ళీ ఎలా మొదలుపెడదాం?

3. మన వీధిలో సరిగా దుఃఖించలేకపోయిన ఇల్లు ఏది? ఈ ఆదివారం వారింటికి ఎవరెవరం వెళదాం?

మూడవ ప్రశ్నకు జవాబు చెప్పుకున్నాక పుస్తకం మూసివేయకండి. వెళ్ళే రోజు, వేళ అందులోనే రాసుకోండి.